కాంక్రీటు పడకముందే అడగండి

మీ ఊరి పక్కన విదేశీ అప్పుతో పని మొదలవుతోందా? అయితే కాగితాలు ఇప్పుడే అడగండి. పునాదులు లేచాక అడిగితే జవాబు దొరకొచ్చు గానీ, పోయిన పొలం, పోయిన కూలి తిరిగి రావు.

ముంద్రాలో జరిగింది చూడండి. గుజరాత్ తీరంలో టాటావారి 4,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి ప్రపంచ బ్యాంకు గొడుగు కిందున్న ఐఎఫ్‌సీ 2008లో 45 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. మత్స్యకారులు 2011లో ఫిర్యాదు చేశారు. మత్స్యకారుల కష్టనష్టాలను ఐఎఫ్‌సీ సరిగా పట్టించుకోలేదని దాని సొంత ఫిర్యాదుల విభాగమే 2013లో తేల్చింది. అప్పటికే విద్యుత్ కేంద్రం నడుస్తోంది. మత్స్యకారులు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఐఎఫ్‌సీ లాంటి సంస్థ మీద కేసే వేయకూడదన్న వాదనను ఆ కోర్టు 2019లో తోసిపుచ్చింది. తర్వాత కింది కోర్టుల్లో కేసు నిలవలేదు. అంత పోరాడినా అక్కడి కోర్టుల నుంచి పరిహారం దక్కలేదు.

ఇప్పుడు మన అమరావతి. 2017లో అక్కడివారు, నష్టపోయినవాళ్ల ఫిర్యాదులు వినే ప్రపంచ బ్యాంకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌కు ఫిర్యాదు పెట్టారు. 2019లో కేంద్ర ప్రభుత్వం తన అప్పు అభ్యర్థనను వెనక్కి తీసుకోవడంతో 30 కోట్ల డాలర్ల అప్పు ఆగింది. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) 78.88 కోట్ల డాలర్లు మంజూరు చేశాయి. రాజధాని కట్టొద్దని అనడం లేదు. కానీ ఈ అప్పుల తీరు తెలుసుకోండి. ఫలితాలు చూపించినకొద్దీ విడతలుగా డబ్బు వస్తుంది. కాబట్టి అనుకున్నది అయిపోయిందని త్వరగా రాసి పంపాలన్న ఒత్తిడి అధికారుల మీద ఉంటుంది. ఆ తొందరలో ముందుగా మరుగున పడేది భూమి మీద పూర్తి హక్కు లేనివాళ్లే. కౌలు రైతులు, కూలీలు, అసైన్డ్ భూమి సాగు చేసుకున్నవాళ్లు.

ప్రాజెక్టు మీద వందల పేజీల నివేదిక ఇంగ్లీషులో ఉండి తెలుగు సారాంశం కనిపించకపోతే ఊరుకోకండి. పర్యావరణ అనుమతి కోసం జరిపే బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు రావాలి, రాకపోతే నిలదీయండి. ముందు సంతకం పెట్టు, తర్వాత చెబుతాం అంటే కలం కింద పెట్టండి. అంచనా వ్యయం పెరిగినా కారణం బయటపెట్టకపోతే అది మనందరి నెత్తిన పడే బాకీ అని గుర్తుంచుకోండి.

అధికారులకూ ఒక మనవి. ఇలాంటి వివరాలను ఎవరూ అడగకుండానే, స్థానిక భాషలో జనం ముందుంచమని సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షనే చెబుతోంది. దయచేసి పంచాయతీ గోడ మీద అంటించండి. దాచిన కొద్దీ అనుమానం పెరుగుతుంది, పనీ ఆగుతుంది.

ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌కు నష్టపోయినవాళ్లు ఇద్దరు కలిసి రాస్తే చాలు. తెలుగులో రాయొచ్చు, పేర్లు గోప్యంగా ఉంచమని కోరవచ్చు. ఏడీబీకీ ఇలాంటి ఏర్పాటే ఉంది. అయితే ముందు బ్యాంకు సిబ్బందికి చెప్పినట్టు ఆధారం ఉండాలి. అందుకే మొదటి అర్జీ ముఖ్యం. రాయడం రాని కూలీలకు ఊళ్లో చదువుకున్న పిల్లలు రాసిపెట్టండి. తేదీ వేయించి, రసీదు తీసుకుని, నకలు భద్రంగా దాచండి.