రాష్ట్రం వచ్చినంక పుట్టిన బిడ్డ

2021 ఆగస్టు. టోక్యో ఒలింపిక్స్‌లో భారత మహిళల హాకీ జట్టు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. దేశమంతా టీవీల ముందు కూర్చున్నది. ఆ జట్టులో మిడ్‌ఫీల్డ్‌లో ఉరికిన సలీమా టేటే ఇంట్లో మాత్రం బిడ్డ ఆట చూడటానికి సరైన టీవీ లేదు. మట్టి ఇల్లు. ఆ ముచ్చట పత్రికలకెక్కింది. అప్పుడు సర్కారు కదిలింది. ఆ ఇంటికి టీవీ వచ్చింది.

సలీమాది జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లా, బడ్కీ ఛాపర్ గ్రామం. పుట్టింది 2001 డిసెంబర్‌లో. జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది 2000 నవంబర్ 15న, బిర్సా ముండా జయంతి నాడు. అంటే సొంత రాష్ట్రంలోనే కండ్లు తెరిచిన బిడ్డ. దశాబ్దాలు కొట్లాడినవాళ్లు ఏ తరం కోసం కొట్లాడారో ఆ తరం బిడ్డ. ఆమె బతుకే ఆ రాష్ట్రానికి పరీక్ష.

ఇక్కడ ఇంకో ముచ్చట యాది చేసుకోవాలె. జార్ఖండ్‌లో హాకీ, ప్రత్యేక రాష్ట్ర ఆకాంక్ష ఒక్క మనిషి చేతిలో కలిశాయి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఆదివాసీ. ఆయనే 1939లో ఆదివాసీ మహాసభ అధ్యక్షుడై జార్ఖండ్ కావాలన్నారు. రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతై నిలిచారు. జనం ఆయనను ‘మరాంగ్ గోమ్కే’ అన్నారు, మహానాయకుడని అర్థం. 1970లో కన్నుమూశారు. రాష్ట్రాన్ని కండ్లారా చూసుకోలేదు.

ఆ నేలలో హాకీ క్లబ్బుల ఆట కాదు, ఊరి ఆట. గెలిచిన జట్టుకు మేకపోతును బహుమతిగా ఇచ్చే ‘ఖస్సీ’ పోటీలు అక్కడ పేరుమోసినవి. పొలాల్లో, వెదురు కర్రలతో పిల్లలు ఆట నేర్చుకుంటారు. సుమరాయ్ టేటే, అసుంతా లక్రా ఇద్దరూ సిమ్డేగా ఆడబిడ్డలే, ఇద్దరూ దేశ జట్టుకు కెప్టెన్లయ్యారు. ఖూంటీ జిల్లా హేసల్ గ్రామం నుంచి నిక్కీ ప్రధాన్ 2016లో రియో ఒలింపిక్స్‌కు పోయింది. జార్ఖండ్ నుంచి ఒలింపిక్స్‌లో ఆడిన తొలి మహిళా హాకీ క్రీడాకారిణి ఆమె.

సలీమా తండ్రి సేద్యం చేసే మనిషి. తానూ ఊరి పోటీల్లో ఆడేవాడు. చెల్లె ఆట ఆగొద్దని అక్క ఊరు విడిచి పరాయి ఇండ్లల్లో పనికి కుదిరింది. ఆ చెల్లె 2018లో బ్యూనస్ ఎయిర్స్ యూత్ ఒలింపిక్స్‌లో భారత బాలికల జట్టుకు కెప్టెన్‌గా రజతం తెచ్చింది. టోక్యోలో నాలుగో స్థానం దక్కించుకున్న జట్టులో నిలిచింది. 2024 మేలో సీనియర్ జట్టు కెప్టెనయింది. అదే ఏడు నవంబర్‌లో రాజ్‌గిర్‌లో చైనాను 1-0తో ఓడించి ఆసియా చాంపియన్స్ ట్రోఫీ అందుకుంది. అర్జున అవార్డూ వచ్చింది.

మరి సర్కారు ఏమీ చెయ్యలేదా? చేసింది. సలీమా ఆట పదునెక్కింది సిమ్డేగాలోని సర్కారు శిక్షణ కేంద్రంలోనే. నిక్కీ ఎదిగింది రాంచీలోని బరియాతు బాలికల హాకీ కేంద్రంలో. ఈ ఇద్దరినీ నిలబెట్టింది గెలిచినంక ఇచ్చిన చెక్కులు కాదు, గెలవకముందు దొరికిన హాస్టల్ మంచం, పూటకింత తిండి, చేతికొక కర్ర, ఆట నేర్పే సారు. ఇవే అసలు రాష్ట్ర ఫలాలు. టీవీ మాత్రం ఫొటో కోసం.

రాంచీలో జైపాల్ సింగ్ పేరు మీద హాకీ స్టేడియం ఉన్నది. 2023 నవంబర్‌లో మన జట్టు అక్కడే జపాన్‌ను 4-0తో ఓడించి ఆసియా చాంపియన్స్ ట్రోఫీ గెలిచింది. మూడు నెలలు తిరగకముందే, 2024 జనవరిలో, అదే మైదానంలో అదే జపాన్ చేతిలో 0-1తో ఓడి పారిస్ ఒలింపిక్స్‌కు దూరమయింది. గెలిచిన నాడు ఇంటికొచ్చే నాయకులు ఓడిన నాడు కనబడరు. ఆటకు కావలసింది ఓడిన నాడు కూడా తెరిచి ఉండే హాస్టల్ తలుపు.

స్టేడియానికి మహానాయకుడి పేరు పెట్టుడు మంచిదే. కానీ పేరు పెట్టడానికి ఒక్క జీవో చాలు. సలీమా అక్క పరాయి ఇంట్లో గిన్నెలు తోమకుండా చెల్లె ఆట సాగాలంటే ఏటేటా బడ్జెట్ కావాలె, నియామకాలు కావాలె, అడిగే జనం కావాలె.

2014లో మన తెలంగాణ మనకొచ్చింది. నిజామాబాద్ బిడ్డ యెండల సౌందర్య దేశానికి హాకీ ఆడింది. ఆమె తర్వాత ఎవరు? మీ ఊరి బడికి ఆటస్థలం ఉన్నదా? పీఈటీ సారు ఉన్నడా? ఆడపిల్ల పొద్దుగూకే దాకా ఆడి ఇంటికి పోవడానికి బస్సున్నదా? విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా, ఉద్యమంలో అడగడం నేర్చుకున్నది మనమే. రాష్ట్రం వచ్చిందని అడుగుడు మానితే, రాష్ట్రం వచ్చినంక పుట్టిన బిడ్డలకు మనం ఏం జవాబు చెబుతాం?