లెక్కలు వదిలితేనే డాక్టర్ చదువా?

జూన్ మొదలైతే కేసముద్రం స్టేషన్లో విజయవాడ బండి కోసం నిలబడ్డ కుటుంబాలు కనిపిస్తాయి. కొత్త ట్రంకు పెట్టె, ప్లాస్టిక్ బకెట్టు, అందులో మగ్గు, చుట్టి తాడు కట్టిన పరుపు. మొన్ననే పది పాసైన పిల్ల, అటూ ఇటూ తల్లీ తండ్రీ. మార్కెట్ యార్డులో పసుపో మక్కలో అమ్మిన పైసలు తండ్రి లోపలి జేబులో ఉంటాయి, మొదటి టర్ము ఫీజుకని. చేతిలో కాస్త డబ్బున్న ఇల్లు పిల్లను డాక్టర్ చేయాలనుకుంటే ఇన్నాళ్లూ ఎక్కింది ఆ బండే.

ఆ బండి ఎక్కితే ఏం పోతుందో ముందుగా చెప్పాలి. 2024లో వచ్చిన జీవో 33 ప్రకారం, తెలంగాణ కోటాలో మెడికల్ సీటుకు స్థానికులు కావాలంటే ఇంటర్ పూర్తయ్యేదాకా వరుసగా నాలుగేళ్లు ఈ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ నిబంధన చెల్లుతుందని తేల్చింది. బదిలీల మీద బయటికి వెళ్లిన ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మినహాయింపు ఉంది, రైతు పిల్లకు లేదు. అంటే కేసముద్రంలో పుట్టి, పదిదాకా ఇక్కడే చదివి, ఇంటర్ రెండేళ్లు విజయవాడలో చదివిన పిల్ల తన సొంత జిల్లా మెడికల్ కాలేజీలో స్థానికురాలు కాకుండా పోతుంది. కేసముద్రం నుంచి తాళ్లపూసపల్లి స్టేషన్ దాటితే మహబూబాబాద్. అక్కడ 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. మరుసటి ఏడు జనగామలో, భూపాలపల్లిలో మొదలయ్యాయి. ఇంటి ముందుకు వచ్చిన సీటు బండెక్కడం వల్ల దూరమవుతుంది. ఈ ముక్క పదో తరగతి ఫలితాల రోజే ప్రతి హైస్కూల్లో హెడ్మాస్టరు తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పాలి.

అయితే ఊరు మారడం కంటే ముందే ఇంట్లో జరిగిపోయే నిర్ణయం ఒకటుంది. గ్రూపు. పదిహేనేళ్ల పిల్ల ఎంపీసీయా బైపీసీయా తేల్చుకోవాలి. డాక్టర్ అంటే బైపీసీ, బైపీసీ అంటే లెక్కలకు సెలవు. లెక్కలంటే భయపడే పిల్లలకు అది ఊరటే. లెక్కలు ఇష్టమైన పిల్ల సంగతి మాత్రం ఎవరూ అడగరు.

ఈ మధ్య మా మండలంలోనే ఒక తండాకు వెళ్లాను. నీట్ ఒకసారి రాసి, సీటు రాక ఇంట్లో ఉన్న పిల్ల బాటనీ రికార్డు చూపించింది. ద్విదళబీజ కాండం అడ్డుకోత బొమ్మ ఎంత శుభ్రంగా వేసిందో, పెన్సిలు గీత ఎక్కడా రెండోసారి పడలేదు. రికార్డు మూసి వెనక నుంచి తిప్పాను. చివరి పేజీల నిండా త్రికోణమితి లెక్కలు. పదో తరగతివి కావు, ఎంపీసీ చదివే పక్కింటి పిల్లాడి పుస్తకంలోవి. ఇవెందుకమ్మా అంటే, "ఊరికే చేస్తా సార్, మంచిగనిపిస్తది" అంది. నీట్‌లో మార్కులు ఎక్కడ పోయాయని అడిగాను. ఫిజిక్స్‌లోనట. కాలేజీలో సూత్రాలు బట్టీ పట్టమన్నారట, ఎట్లా వచ్చాయో చెప్పలేదట.

ఆ పిల్ల ఊరికే చేస్తున్నాననుకుంటున్న పని ఆమెకు అత్యవసరమైన పని. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. బయాలజీవి 90, కెమిస్ట్రీవి 45, ఫిజిక్స్‌వి 45. విసిరిన రాయి ఎంత దూరం పడుతుందో చెప్పాలంటే సైన్, కొసైన్ కావాలి. ఒక క్షణంలో వేగం ఎంతో చెప్పాలంటే అవకలనం కావాలి. అర్ధాయువు లెక్కకు, కెమిస్ట్రీలో పీహెచ్ లెక్కకు లాగరిథం కావాలి. బయాలజీ బాగా చదివే పిల్లలు వేలమంది ఉంటారు కాబట్టి వాళ్లలో ఎవరికి సీటు వస్తుందో చాలాసార్లు ఆ 45 ఫిజిక్స్ ప్రశ్నలే తేలుస్తాయి. పదో తరగతితో లెక్కలు మాన్పించి, లెక్కలతో నడిచే ప్రశ్నపత్రం ముందు కూర్చోబెడుతున్నాం. తర్వాత పిల్లకు ఫిజిక్స్ రాదని బాధపడుతున్నాం. నా కోపమంతా ఇక్కడే.

కేంద్ర బోర్డు బడుల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగూ కలిపి తీసుకునే వీలు ఎప్పటినుంచో ఉంది. హైదరాబాద్‌లో ఆ బడికి ఫీజు కట్టగలవాళ్ల పిల్లలు ఇంజినీరింగ్ తలుపు, మెడికల్ తలుపు రెండూ తెరిచి ఉంచుకుంటారు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు కూడా 2025-26 నుంచి లెక్కలు, బయాలజీ కలిసిన ఎంబైపీసీకి దారి ఇచ్చింది. జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ఇంకో మంచి పని చేసింది. ఎంపీసీతో పాసైనవాళ్లు గుర్తింపు పొందిన బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైతే చాలు, నీట్ రాయొచ్చంది. అంతకుముందు బయాలజీ రెండేళ్లు వరుసగా కాలేజీలో కూర్చుని చదివి ఉండాలనేవారు. పద్దెనిమిదేళ్లకు మనసు మారిన పిల్లాడికి ఆ ఒక్క నోటీసుతో దారి దొరికింది.

మన తెలంగాణ ఇంటర్ బోర్డులో ఏమీ లేదా అంటే, ఉంది. ఇంటర్ పరీక్షల టైంటేబుల్ తీసి చూడండి. "బ్రిడ్జ్ కోర్సు మ్యాథ్స్, బైపీసీ విద్యార్థులకు" అని ఒక వరుస కనిపిస్తుంది. పరీక్ష ఉంది. దానికి పాఠం చెప్పేదెవరు? ఆ తండా పిల్లకు అటువంటి పరీక్ష ఒకటుందనే తెలియదు. ఆమె చదివిన కాలేజీలో దాని పేరు ఎవరూ ఎత్తలేదట.

భారం ఎక్కువవుతుందని అంటారు. ఆ మాటను తేలిగ్గా తీసేయలేను. తెల్లవారుజామున లేపి రాత్రి పదిదాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే హాస్టళ్లలో పిల్లలు ఎట్లా నలిగిపోతున్నారో చూస్తూనే ఉన్నాం. అందరూ రెండూ మోయాలని నేననను. ఇష్టంగా రెండో సబ్జెక్టు పట్టుకున్న పిల్ల చేతిలోంచి దాన్ని లాక్కోవద్దంటాను. ఇష్టమైన లెక్క చేసే గంట పిల్లకు విశ్రాంతే. అదే పాఠం నాలుగోసారి వల్లెవేయించే గంటే అసలు భారం. నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ పేరుతో ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు ఒకే పుస్తకాల మధ్య కూర్చున్న పిల్లలు డిగ్రీలో చేరే వయసు దాటిపోయి, చివరికి బీజడ్సీలో చేరి, తమకన్నా చిన్నవాళ్ల పక్కన తలొంచుకుని కూర్చోవడం నేను చూశాను. ఆ ఏళ్లలో లెక్కలో, కంప్యూటరో, ఇంగ్లిషో ఒకటి పక్కన నడిచి ఉంటే వాళ్లు తల ఎత్తుకునే ఉండేవారు.

బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే అనుకోవడం కూడా మనం పిల్లల మీద పెట్టిన బరువే. ఖమ్మం జిల్లా కారేపల్లి మండలం గంగారాం తండా బిడ్డ నూనావత్ అశ్విని వ్యవసాయం చదివి, రాయపూర్‌లోని ఐసీఏఆర్ సంస్థలో శాస్త్రవేత్త అయింది. 2024 సెప్టెంబరు 1న, ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్ట కొట్టుకుపోయిన రోజే, మరిపెడ దగ్గర ఆకేరు వాగు ఆమెను, తండ్రిని తీసుకుపోయింది. ఆ వరద సంగతి అందరికీ గుర్తుంది. ఆ పిల్ల ఏం చదివి అంత దూరం వెళ్లిందో కూడా మన తండాల్లో గుర్తుండాలి.

ఇక విదేశం. ఆ తండా ఇంట్లోనే మంచం మీద ఒక రంగుల కాగితం ఉంది. మంచు కురిసిన భవనం, తెల్లకోట్లలో నవ్వుతున్న పిల్లలు, తెలుగు మెస్ ఉందన్న మాట, ఏడాది ఫీజు. తండ్రి అర ఎకరం బేరం పెట్టాడు. "సారూ, ఆరేండ్లకు డాక్టరయి వస్తదంటున్నరు, నిజమేనా?" అన్నాడు.

ఇద్దరం కాగితం కింద పెట్టి లెక్క వేశాం. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ చదువు కనీసం 54 నెలలు ఉండాలి. అంతా ఇంగ్లిషులో, ఒకే కాలేజీలో. ఆపైన అదే కాలేజీలో 12 నెలల ఇంటర్న్‌షిప్. అక్కడికి 66 నెలలు. తిరిగొచ్చి, విదేశీ పట్టా ఉన్నవాళ్లకు పెట్టే ఎఫ్ఎంజీఈ పరీక్ష రాయాలి. 300 ప్రశ్నలు, 150 రావాలి, ఏడాదికి రెండుసార్లు పెడతారు. అది దాటాక ఇక్కడ మళ్లీ 12 నెలల ఇంటర్న్‌షిప్. ఒక్క రోజు వృథా కాకున్నా 78 నెలలు, ఆరున్నరేళ్లు. పరీక్ష కోసం ఎదురుచూసే నెలలు కలిపితే ఏడు. పరీక్ష తప్పితే ఎన్నో చెప్పలేం. మొత్తం పదేళ్లలో ముగించాలి. ఆ దేశంలో ఆ పట్టాతో ప్రాక్టీసు చేసే అర్హత కూడా రావాలి. రంగుల కాగితంలో ఇంటర్న్‌షిప్ గురించి ఒక్క ముక్క లేదు. కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే, "అది ఇండియాలో చేసుకోవచ్చు" అన్నారు. అక్కడి పన్నెండు నెలలు అక్కడ చేయకుండా వస్తే పిల్ల పట్టా ఇక్కడ పనికిరాదు. భూమి మాత్రం అప్పటికే పోయి ఉంటుంది.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో బాంబులు పడ్డప్పుడు బంకర్లలోంచి ఫోన్లు చేసిన పిల్లల్లో మన జిల్లాల వాళ్లూ ఉన్నారు. ప్రాణాలతో వచ్చారు, అది చాలనుకున్నాం. కానీ తర్వాత ఆన్‌లైన్ క్లాసులు చెల్లుతాయా, ఇంటర్న్‌షిప్ ఎక్కడ అంటూ వాళ్లు తిరిగిన ఆఫీసుల సంగతి పేపర్లలో పెద్దగా రాలేదు. వెళ్లొద్దని ఎవరికీ చెప్పను. వెళ్లి చదివి, పరీక్ష నెగ్గి, మంచి వైద్యం చేస్తున్నవాళ్లు ఉన్నారు. నిబంధన కాగితం చదవకుండా భూమి అమ్మొద్దని చెబుతాను.

అమెరికా దారి ఇంకో రకం. న్యూజెర్సీలో, డాలస్‌లో ఉన్న మనవాళ్ల పిల్లలు ప్రీమెడ్ చదువుతున్నారని ఇక్కడి అమ్మమ్మలు గర్వంగా చెబుతారు. అక్కడ ప్రీమెడ్ అంటే ఒక కోర్సు పేరు కాదు. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ల్యాబులతో సహా, బయోకెమిస్ట్రీ, ఇవి పూర్తి చేసి, మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ రాయాలి. డిగ్రీలో మేజరు సంగీతమైనా చరిత్రైనా ఎవరూ కాదనరు. రెండు మేజర్లు చేసేవాళ్లూ ఉన్నారు. ఒకటి బయాలజీ అయితే మెడికల్‌కు కావలసిన సబ్జెక్టులు అందులోనే చాలావరకు వచ్చేస్తాయి గనుక రెండోదానికి చోటు మిగులుతుంది. చదువు మధ్యలో ఒక సెమిస్టరు వేరే దేశంలో చదివే అలవాటు కూడా అక్కడుంది. తెలిసినవాళ్లు సైన్స్ సబ్జెక్టులను సొంత కాలేజీలోనే ముగిస్తారు, బయటి దేశంలో భాషో చరిత్రో తీసుకుంటారు. ఎందుకంటే విదేశంలో చేసిన సైన్స్ కోర్సులను చాలా మెడికల్ స్కూళ్లు లెక్కలోకి తీసుకోవు. అన్నీ మోయాలంటే మొదటి ఏడే నాలుగేళ్ల పట్టిక గీసుకోవాలి. కాలేజీ సలహాదారులు పక్కన కూర్చుని ఆ పట్టిక గీయించే పద్ధతి అక్కడుంది. మన పిల్లకు లేనిది ఆ పట్టికే. ఇంకో మాట. ఇక్కడినుంచి వెళ్లి అక్కడ డిగ్రీ చేసి, అక్కడి డాక్టర్ చదువైన ఎండీలో చేరిపోవచ్చనుకునేవాళ్లు గమనించాలి, అమెరికా మెడికల్ స్కూళ్లలో చాలావాటికి విదేశీ విద్యార్థులను చేర్చుకునే పద్ధతే లేదు.

రెండు శాస్త్రాలు పట్టుకున్న తెలుగు వైద్యుడంటే యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో ఎల్ఎంఎస్ అనే వైద్య పట్టా చదివి బోస్టన్ వెళ్లారు. ఆ పట్టాతో అక్కడ ఇంటర్న్‌షిప్ దొరకలేదు. ఆసుపత్రిలో చిన్న పని చేస్తూ ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేశారు, అక్కడినుంచి జీవరసాయన శాస్త్రంలోకి వెళ్లి 1930లో హార్వర్డ్ డాక్టరేటు పొందారు. మన పిల్లలు ఆయన పేరు పాఠంలో చదివి వదిలేస్తారు. వైద్యం చదివిన మనిషి రసాయన శాస్త్రం కూడా చదవబట్టే ఫోలిక్ యాసిడ్ పని, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ పని సాధ్యమయ్యాయని వాళ్లకు చెప్పాలి.

ప్రభుత్వం కూడా విదేశీ చదువుకు సాయం చేస్తోంది. దళిత, గిరిజన పిల్లలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో ఇంకొకటి, 20 లక్షల రూపాయల వరకు. అవి డిగ్రీ తర్వాతి చదువుకు. బయాలజీతో పాటు లెక్కలు వచ్చిన పిల్లకు బయోస్టాటిస్టిక్స్, ఎపిడెమియాలజీ, బయోఇన్ఫర్మాటిక్స్ వంటి చదువులున్నాయి. ఇక్కడ డిగ్రీ చేసి, ఆ నిధితో వెళ్తే అర ఎకరం అమ్మక్కర్లేదు. తండ్రికి ఇదే చెప్పాను. బేరం ఆపాడు, ప్రస్తుతానికి.

ఇంటర్ బోర్డును, మన జిల్లా అధికారులను అడిగేవి పెద్ద కోరికలు కావు. బైపీసీ పిల్లలకు బ్రిడ్జ్ కోర్సు మ్యాథ్స్ పాఠం చెప్పే లెక్చరర్ కనీసం మండలానికి ఒక్కరుండాలి. వారానికి మూడు గంటలైనా చాలు. ఎంపీసీ పిల్లలకు బయాలజీ అదనంగా చదివే ఏర్పాటు మన బోర్డులోనూ కావాలి. మహబూబాబాద్ మెడికల్ కాలేజీ విద్యార్థులు నెలకొక ఆదివారం చుట్టుపక్కల జూనియర్ కాలేజీలకు, గురుకులాలకు వచ్చి, తాము ఫిజిక్స్ ఎట్లా దాటారో చెప్పాలి. వాళ్లలో ఇటువంటి ఊళ్లనుంచి వచ్చినవాళ్లే ఉన్నారు, వాళ్ల మాట పిల్లలు వింటారు. అంతవరకు కాలేజీ ప్రిన్సిపాళ్లు ఒక్క పని చేయండి. ఈ ఏడు బ్రిడ్జ్ కోర్సు పరీక్ష ఫీజు గడువు తేదీని నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి, తండ్రి ఫోన్ నంబరుకు కూడా పంపండి.