మంత్రగత్తె యను పేరు

విక్కా యను నొక క్రొత్త మతమును గూర్చి మన విద్యావంతుల యిండ్లలో ఇప్పుడిప్పుడే మాట వినబడుచున్నది. దాని నవలంబించినవారు తమ్ము తాము మంత్రగత్తెలమనియు మాంత్రికులమనియు సగర్వముగా చెప్పుకొందురు. పున్నమినాడు చంద్రుని స్త్రీదేవతగా నారాధింతురు. కొమ్ములుగల యొక యడవిదేవుని కొలుతురు. ఋతువుల ననుసరించి యేడాదికి ఎనిమిది పండుగలు జరుపుకొందురు. ఎవ్వరికిని హాని చేయకుండుట వారి ధర్మసూత్రము. మన దేశమున ఇప్సితా రాయ్ చక్రవర్తిగారు తాము విక్కా మార్గమున నున్నామని బహిరంగముగా ప్రకటించి గ్రంథములు వ్రాసియున్నారు. ఇది విని పెద్దలు కొందఱు కలికాలమని నిట్టూర్చుదురు. పడుచువారు కొందఱు ముచ్చటపడుదురు. ఈ యిరుపక్షముల వారితోడను మాకు పేచీ కలదు.

మొదట పెద్దలతో. మన యాడపిల్ల చదువుకొన్నది, ఉద్యోగము చేయుచున్నది. అయినను నెలకు మూడు దినములు దేవునిగది గడప తొక్కరాదందుము. ఏల యని యడిగినచో, పూర్వులు చెప్పిరందుము. అమ్మవారిని వేయినామముల స్తుతించెడి యింటనే ఆడుదాని దేహమునకు మైల యంటగట్టితిమి. వ్రతము పట్టునది యామె, ఉపవాసముండునది యామె, మంత్రము చెప్పువాడు వేఱొకడు. ఆ మంత్రమునకు అర్థమేమో యామెకు చెప్పువాడు లేడు. సంస్కృతము చదివిన వారము గనుక నిస్సంకోచముగా ననుచున్నాము: చెప్పువారిలో ననేకులకే యది తెలియదు. అట్టి పిల్ల చేతికి ఒక పుస్తకము వచ్చి, 'నీవే పూజారిణివి, నీ దేహము మైల కాదు, నీ మాటలతోనే దేవిని పిలువుము' అని చెప్పినచో, ఆమె మనస్సు అటు తిరుగుటలో ఆశ్చర్యమేమి? స్కాట్ కన్నింగ్‌హామ్ అను నమెరికా రచయిత, ఏ గురువును ఏ బృందమును లేక ఒంటరిగా విక్కా నాచరించు విధానమును 1988లో గ్రంథముగా వ్రాసెను. మధ్యవర్తి యక్కఱలేని యా త్రోవ పెక్కుమందికి నచ్చినది. ఇంట అన్నము పెట్టనివారు, పొరుగింట తిన్నదని బిడ్డను తిట్టుట న్యాయము కాదు.

చంద్రుని మాటయు నంతే. మన పంచాంగము చాంద్రమానమే. కాని తిథి కొఱకు మనము చూచునది గోడమీది క్యాలెండరును గాని ఆకాశమును గాదు.

ఇక ముచ్చటపడువారితో. ఈ మతము మిక్కిలి ప్రాచీనమైనదని మీరు నమ్ముచున్నారు. అది నిజము కాదు. జెరాల్డ్ గార్డ్‌నర్ అను నాంగ్లేయుడు సింహళమునను మలయాలోను చిరకాలము ఉద్యోగము చేసి, 1936లో స్వదేశము చేరెను. ఇంగ్లండులో 1735 నాటి మంత్రవిద్యా శాసనము 1951లో రద్దయినది. పిమ్మట 1954లో అతడు గ్రంథము ప్రకటించి ఈ మార్గమును లోకమునకు తెలిపెను. క్రొత్తదగుట దోషమని మే మనము. ప్రతి మతమును ఒకప్పుడు క్రొత్తదే. మా యభ్యంతరము పేరును గూర్చినది. ఐరోపాలో మంత్రగత్తెలని చంపబడినవారు క్రీస్తునకు పూర్వపు మత మొకదానిని రహస్యముగా కాపాడుచుండిరని మార్గరెట్ మర్రే 1921లో వ్రాసెను. గార్డ్‌నర్ ఆ మాటనే యాధారముగా గొనెను. తరువాతి చరిత్రకారులు దానిని త్రోసివేసిరి. ఆ శతాబ్దములలో చంపబడిన సుమారు 40,000 నుండి 50,000 మందిలో హెచ్చుమంది స్త్రీలు. చాలవఱకు సామాన్యులు, క్రైస్తవులు. అమెరికాలోని సేలమున 1692లో, మంత్రగత్తెల మని యొప్పుకొన్నవారు ప్రాణములతో బయటపడిరి. కామని పట్టుబట్టిన 19 మంది ఉరికంబ మెక్కిరి. ఆ పేరు తమది కాదని మొఱపెట్టుకొనుచు మరణించినవారిని పూర్వులుగా జెప్పుకొని, ఆ పేరునే యాభరణముగా ధరించుట మాకు సమ్మతము కాదు.

ఇంత దూరపు చరిత్ర యేల యందురేమో. మేమున్న మణుగూరున ఒకవంక సింగరేణి బొగ్గుగనులు, వానికొఱకు నలుదెసలనుండి వచ్చి చేరిన చదువరుల వాడలు, మఱియొకవంక కోయగూడెములు. ఆ గూడెములలో విత్తు చల్లుటకు ముందు విత్తనములకు పండుగ చేయుదురు. క్రొత్త పంటను వేల్పునకు పెట్టక నోట పెట్టుకొనరు. భద్రాచలపు మన్యమున కొమ్ములు తలదాల్చి కోయలు నాట్యమాడుదురు. అడవి కావల మేడారమున, రెండేండ్ల కొకపరి మాఘమాసపు పున్నమి దినములలో, సమ్మక్కను చిలుకలగుట్టనుండి కుంకుమభరిణె రూపమున తెచ్చి గద్దెపై నిలుపుదురు. విగ్రహము లేదు, తెచ్చువారు కోయవడ్డెలు. భక్తులు నిలువెత్తు బెల్లము తూచి బంగారమని సమర్పింతురు. కాకతీయ సైన్యము నెదిరించిన వీరనారి యని ఆమె కథ. వేల్పయిన స్త్రీ, చంద్రుడు, అడవి, కొమ్ములు, ఋతువు: విక్కాలో వెదకునవి యన్నియు ఇచ్చట నున్నవి. మన వాడలవారు వీనిని మూఢాచారములందురు. అవియే యింగ్లీషు పుస్తకమున కనబడినచో ఆధ్యాత్మికత యందురు.

గూడెములో నంతయు స్వర్ణయుగమని మేము వ్రాయబోము. అచ్చటను వడ్డెలు పురుషులే. అదిగాక, ఈ యడవులలోనే, తెలంగాణపు మైదానపు పల్లెలలోను, ఆ పేరు ఇప్పటికిని ప్రాణములు తీయుచున్నది. జ్వరమున ఒక బిడ్డ పోవును, ఎడ్లు చచ్చును, సోదెవాడు ఒక యింటివైపు వ్రేలు చూపును. ఆ యింట తఱచుగా ఒంటరి విధవరాలో, ఎవరికో కావలసిన చెలక గల ముసలివాడో యుండును. చేతబడి యందురు, బాణామతి యందురు, చిల్లంగి యందురు. మంత్రము పలుకకుండునట్లు పండ్లూడగొట్టుట మన ప్రాంతమున నెఱిగిన శిక్షయే. మంత్రవిద్య నెపమున దేశములో జరిగిన హత్యలను జాతీయ నేర రికార్డుల సంస్థ 2021లో 68గాను, 2022లో 85గాను లెక్క చూపినది. పొరుగున ఛత్తీస్‌గఢ్ ఇట్టి నింద మోపుటనే నేరముగా జేసి 2005లో చట్టము చేసినది.

మన భాషయందు ఇంకొక మాట కలదు: మంత్రసాని. బిడ్డను భూమిమీదికి తెచ్చు చేతులకు మనవారు పెట్టిన పేరది. మంత్రసానితనమున కొప్పుకొన్న తరువాత ఏది వచ్చినను పట్టవలె నని సామెత. మంత్రగత్తె యను పేరు కోరి తీసికొన్నవారికిని అదియే వర్తించును. పున్నమి దీపములును, పూలవలయమును మాత్రమే పట్టెదము, వచ్చిన రక్తమును పట్టము అన్న నెట్లు?

పెద్దలు దేవునిగది తలుపులు తెఱచుటకు ముహూర్త మక్కఱలేదు. ఈ నెలనే తెఱవవచ్చును. పడుచువారిని మేము విక్కాను మానుడని యడుగుటలేదు. ఏదో యొక గూడెమున, ఏదో యొక రాత్రి, గుంపు కఱ్ఱలతో ముసలమ్మ గుడిసెను చుట్టుముట్టినపుడు, 'మంత్రగత్తెను నేను, ఆమె కాదు' అని ఆ గడపలో నిలుచుటకు ఈ పేరుగలవారిలో ఒక్కతె వచ్చినదని వినిన నాడు, పేరును గూర్చిన యీ వాదమును మేము విడిచెదము.