జాకెట్ మీది ఊరు

విహారయాత్రకు యూనిఫాం అక్కర్లేదంటే చాలు, పిల్లల ఒంటిమీద రకరకాల చలికోట్లు కనిపిస్తాయి. మొన్న ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఉన్ని జాకెట్ వేసుకొచ్చాడు. (తెలుగింట్లో జాకెట్ అంటే అమ్మ చీరతో వేసుకునేది. ఇది వేరు.) తోలు చేతులు, పాతకాలపు కుట్టు, ఛాతీ మీద ‘హోమ్‌స్టెడ్ గ్రేస్’ అన్న అక్షరాలు. అమెరికాలో ఉన్న మేనమామ పంపాడట. ఇదేమిటి నాన్నా అని అడిగాం. “ఏదో బ్రాండ్ మేడమ్” అన్నాడు.

బ్రాండ్ కాదు, అదొక బేస్‌బాల్ జట్టు. ఒకప్పుడు అమెరికాలో పెద్ద లీగుల్లో నల్లజాతివారిని ఆడనిచ్చేవారు కాదు. అందుకని 1920లో రూబ్ ఫోస్టర్ అనే ఆటగాడు, మరికొందరు జట్టు యజమానులు కాన్సాస్ సిటీలో కూర్చుని తమ లీగు తామే పెట్టుకున్నారు. దాని పేరు నీగ్రో నేషనల్ లీగ్. ఆ మాట ఇప్పుడు ఎవరినీ అనకూడదు, చరిత్రలో ఉన్న పేరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. ఆ ఆటగాళ్ళు ఊరూరా తిరిగి ఆడేవారు. చాలాచోట్ల హోటల్లో గది ఇచ్చేవారు కాదు, భోజనం పెట్టేవారు కాదు. బస్సులోనే నిద్ర.

గ్రేస్ జట్టులో జాష్ గిబ్సన్ ఉండేవాడు. అతని బ్యాటింగ్ సగటు .372. అంటే వెయ్యి అవకాశాలకు 372 హిట్ల లెక్కన. పెద్ద లీగుల్లో ఇంతకాలం మొదటి స్థానంలో ఉన్న టై కాబ్‌ది .367. కానీ గిబ్సన్ పేరు ఆ పట్టికలోకి ఎక్కింది 2024లో! పాత పత్రికలు తిరగేసి, ఒక్కొక్క ఆట స్కోరు ఏరి లెక్కకట్టారు. గిబ్సన్ 1947 జనవరిలో, 35 ఏళ్ళకే పోయాడు. మూడు నెలలు తిరక్కముందే, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున మైదానంలో దిగి ఆ అడ్డుగోడ దాటాడు.

గోడ కూలడం మంచిదే. కానీ మంచి ఆటగాళ్ళు పెద్ద లీగులకు వెళ్ళిపోయాక వీళ్ళ జట్లు నిలబడలేదు. రాబిన్సన్ అంతకుముందు ఆడిన కాన్సాస్ సిటీ మోనార్క్స్‌కు అతన్ని తీసుకున్నవారు పైసా ఇవ్వలేదు. అదే పేరుతో తర్వాత వచ్చిన రెండో నీగ్రో నేషనల్ లీగ్ 1948తో ముగిసింది, కొద్ది ఏళ్ళకే గ్రేస్ కూడా లేకుండా పోయింది.

స్టాఫ్ రూంలో ఈ మాట వచ్చినప్పుడు ఒక సహోద్యోగి, వాళ్ళ కష్టాన్ని ఫ్యాషన్ చేసి అమ్ముకుంటున్నారు అన్నారు. అమ్మినవారికి డబ్బు వస్తుంది, ఆడినవారి కుటుంబాలకు ఏం చేరుతుందన్నది న్యాయమైన ప్రశ్నే. అయినా ఇలాంటి జాకెట్లు వద్దనడానికి మాకు మనసొప్పదు. కాన్సాస్ సిటీలో ఆ లీగుల మ్యూజియం ఉంది. అంత దూరం మనలో ఎందరు వెళ్తారు? జాకెట్ అయితే మన విహారయాత్ర బస్సు దాకా వచ్చింది. మా అభ్యంతరం ఒక్కటే, “ఏదో బ్రాండ్” అన్న ఆ జవాబు. జాకెట్ కొనిచ్చిన పెద్దవాళ్ళు ఆ పేరేమిటో రెండు ముక్కలు చెప్పి ఇవ్వవచ్చు. వాళ్ళకూ తెలియకపోతే పిల్లవాడితో కలిసి వెతకవచ్చు. ధరలో పదోవంతు శ్రమ కూడా కాదది.

ఇదంతా విని ఆ అబ్బాయి, “మరి వాళ్ళ సొంతూరు ఏది మేడమ్?” అన్నాడు. హోమ్‌స్టెడ్ పిట్స్‌బర్గ్ పక్కన మన భిలాయిలాంటి ఉక్కు ఊరు. జట్టు అక్కడ పుట్టింది. సొంత మైదానం అనుకుని ఆడింది మాత్రం కొన్నాళ్ళు పిట్స్‌బర్గ్‌లో, కొన్నాళ్ళు వాషింగ్టన్‌లో, రెండూ వేరేవాళ్ళ మైదానాలే. అయినా ఛాతీ మీద పేరు మార్చుకోలేదు.

నాలుగో బడిలో చదువుతున్న ఆ పిల్లవాడు జాకెట్ అక్షరాలను వేలితో తడిమి, “మేము కూడా నాన్నగారి ఊరి పేరే చెప్తాం మేడమ్, నేను అక్కడ ఎప్పుడూ లేను” అన్నాడు.