కాయకుళ్లు ఎవరి పాపము?

మిరపకాయ కుళ్లిన ప్రతిసారియు అధికారులు ఆకాశమువైపు వ్రేలు చూపుచున్నారు. కాలము గాని కాలమున వానలు కురియుట నిజమే. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్లయొద్ద తీరము దాటినప్పుడు గుంటూరు, ప్రకాశము సీమలలో మిరపచేల నీరు నిలిచినది. విచ్చిన ప్రత్తి చెట్టుననే తడిసినది. శిలీంధ్రమునకు ఇంతకన్న కావలసినదేమి? తడియు వెచ్చదనమును కూడినచో దాని బీజములు చినుకులతో కాయనుండి కాయకు చిందును. పండిన కాయపై నల్లని వలయములు లేచును. కొమ్మలు కొననుండి క్రిందికి ఎండును.

అయితే ఈ శత్రువు నిన్న వచ్చినది కాదు. గుంటూరును కోయంబత్తూరును ఒకే చెన్నరాజధానిలో నున్న కాలమున, 1913లోనే, కోయంబత్తూరు మిరపపై శాస్త్రజ్ఞులు దీనిని గుర్తించి పేరు పెట్టిరి. విత్తనముతో వచ్చుననియు, కుళ్లిన కాయలలోను ఎండిన కొమ్మలలోను దాగియుండుననియు చిరకాలముగా తెలిసియున్నది. గుంటూరు చెంతనే లాం క్షేత్రమున మిరపపై పరిశోధనయు జరుగుచున్నది. ఆ క్షేత్రమునకును రైతు చేనికిని నడుమ నిలిచినదెవరు? పురుగుమందుల దుకాణదారు! రోగమును నిర్ణయించువాడు అతడే, మందు అమ్మువాడు అతడే, పలుచోట్ల అప్పిచ్చువాడును అతడే. తామరపురుగు ముడిచిన ఆకునకును, శిలీంధ్రము పట్టిన కాయకును కలిపి నాలుగు సీసాలు సంచిలో వేసి పంపిన, అడుగువాడెవడు? తమ బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ఇట్టి వైద్యమును మన పట్టణవాసులలో నొక్కరైన సహింతురా?

ఈ కొరత తీర్చుటకే 2020 మే 30వ తేదీన రైతు భరోసా కేంద్రములు తెరచిరి. 2024లో అవి రైతు సేవా కేంద్రములైనవి. పేరు మారినందుకు శిలీంధ్రము జడిసిన జాడ మాకు కానరాదు.

ఇక కౌలుదారుని గతి. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టము అతనికి పత్రమిచ్చెదనని పలికి, భూస్వామి సంతకము తెమ్మన్నది. సంతకము చేసిన భూమి పోవునని భూస్వామి భయము. అడిగిన కౌలు పోవునని కౌలుదారు భయము. ఇట్లు పత్రము లేనివాడు బ్యాంకు గడప త్రొక్కజాలడు, పరిహారపు పట్టీకి ఎక్కజాలడు. వాన కురిసినది దున్నినవాని కష్టముపై. సొమ్ము చేరుచున్నది పట్టాగలవాని చేతికి. దీనిని న్యాయమందురా?

కోసిన కాయ తడిసినను కష్టమే. బూజు పట్టి అఫ్లటాక్సిన్ అను విషము చేరును. కిలోకు 10 మైక్రోగ్రాములు మించిన ఐరోపా సమాఖ్య మన మిరపను త్రిప్పి పంపును. ఊరికొక సిమెంటు కల్లమును, కప్పుటకు పట్టలును లేక కూలిన వర్తకమునకు కూడ వానదేవుడే ముద్దాయియా?

మేమడుగునది దానము కాదు. ఏ సీసాయు అమ్మని సస్యవైద్యుడు ప్రతి కేంద్రమున నుండవలెను. ఆతడు వ్రాసి యిచ్చిన చీటీ లేనిదే మందు అమ్మరాదు. సంతకముతో పనిలేక, చేనిలో నిలిచినవానినే సాగుదారుగా వ్రాసికొనవలెను. రాబోవు నారుమళ్లు పోయుటకు ముందే ఇది జరుగవలెను.