మంచానికి బీమా ఉంది, మాత్రకేదీ?

కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకు ఏ బీమా తీసుకోవాలని వాడల్లో మమ్మల్ని అడుగుతున్నారు. ఉన్న అరెకరం తాకట్టు పెట్టయినా ప్రైవేటు పాలసీ కడతామంటున్నారు. తొందరపడకండి.

ఆపరేషనుతో తీరిపోదు. పెట్టిన కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా టాక్రోలిమస్ లాంటి మాత్రలు బతికినన్నాళ్ళూ మింగాలి. మానేస్తే కిడ్నీ పోతుంది. మామూలు ప్రైవేటు పాలసీ ఆసుపత్రి మంచం ఎక్కితేనే డబ్బిస్తుంది. ఇంట్లో నెలనెలా మింగే మాత్రలకివ్వదు. అసలు మనకు పాలసీయే ఇవ్వమనొచ్చు. ఇచ్చినా, పాత జబ్బుకు మూడేళ్ళ దాకా డబ్బు కట్టకుండా ఆపొచ్చని 2024 నిబంధనలే చెప్తున్నాయి. ‘మార్పిడి సంగతి ఫారంలో రాయకండి’ అనే ఏజెంటు మాట నమ్మొద్దు. వాడి కమీషను వాడికొస్తుంది, మన క్లెయిము కొట్టేస్తారు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) పాత జబ్బని వంక పెట్టదు. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది. ముందు ఆ కార్డు కాపాడుకోండి. మాత్రలు, రక్తపరీక్షలు ఎన్నాళ్ళిస్తారో, ఎక్కడిస్తారో ఆపరేషనుకు ముందే ఆసుపత్రిలోని మిత్ర చేత కాగితం మీద రాయించుకోండి. ‘స్టాకు లేదు’ అని తిప్పి పంపితే తారీఖు వేసి చీటీ అడగండి. ఇవ్వకపోతే మనమే రాసుకుందాం. ఆ చీటీలన్నీ పోగేసి సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సుకు పదిమందిమి కలిసి పోదాం.