‘ఇవాళ వద్దు’ అన్నా వినాలి

సెలవులు దగ్గరపడుతున్నాయంటే తెలుగు ఇళ్లలో ప్రయాణాల ముచ్చట మొదలవుతుంది. కొందరు లంబసింగి చలిని చూసి, సీలేరు మీదుగా ఘాట్ రోడ్డు పట్టుకుని డొంకరాయి దాకా వెళ్లొద్దామనుకుంటారు. కొందరి చూపు ఇంకా దూరం పోతుంది. ఎండాకాలమైతే సోనమార్గ్ పక్కన థాజివాస్ హిమానీనదం, గంగోత్రి దాటాక గోముఖం. చలికాలమైతే లద్దాఖ్‌లో గడ్డకట్టిన జంస్కార్ నది మీద చాదర్ నడక. పరదేశాల్లో స్థిరపడిన పిల్లలు అమ్మానాన్నలను ఐస్‌లాండ్ మంచు గుహలకూ తీసుకెళుతున్నారు. డొంకరాయి విద్యుత్ కేంద్రం కాలనీలో పెరిగిన కుర్రాడు హిమానీనదం మీద నిలబడి ఇంటికి వీడియో కాల్ చేయగల రోజులివి. సంతోషించాల్సిన సంగతే. ఆ సంతోషం క్షేమంగా ఇల్లు చేరాలంటే సూట్‌కేసుతో పాటు మనసునూ కొంత సర్దుకోవాలి.

హిమానీనదం కదలని నేల కాదు. ఏళ్ల తరబడి కురిసిన మంచు తన బరువుకు తానే అణిగి, గట్టి ఐసుగా మారి, వాలు వెంట కొద్దికొద్దిగా జారుతుంటుంది. జారేటప్పుడు పగుళ్లు తీస్తుంది. ఆ పగుళ్ల మీద కొత్త మంచు పలచగా పరుచుకుంటే పైనుంచి చూసేవారికి చదునైన నేలలాగే కనిపిస్తుంది. మంచు గుహ సంగతీ అంతే. కరిగిన నీరు ఐసు అడుగున దారి చేసుకుని పారితే గుహ ఏర్పడుతుంది. మన బొర్రా గుహల్లో నీరు సున్నపురాయిని తొలిచింది. అందుకు ఎన్నో లక్షల ఏళ్లు పట్టింది. మన జీవితకాలంలో ఆ గోడలు మారవు. మంచు గుహ ఒక్క వేసవిలోనే రూపు మార్చుకుంటుంది. నిరుడు నిలబడి ఫొటో దిగిన చోటు ఈ ఏడాది ఉండకపోవచ్చు. అక్కడ పాత పటం పనికిరాదు, ఫోన్‌లో దారి చూపే యాప్ పనికిరాదు. నిన్నో మొన్నో అదే చోట నడిచిన మనిషి కావాలి. గైడ్ లేకుండా అడుగు పెట్టవద్దనడానికి కారణం ఇదే.

ఒంటిమీది బట్టల విషయం ముందు చెప్పుకోవాలి. నూలు బట్ట చెమట పీల్చుకుంటుంది, త్వరగా ఆరదు. మన ఎండలకు అదే వరం, మంచులో అదే చేటు. తడిసిన జీన్స్ ప్యాంటు ఒంట్లోని వేడినంతా లాగేస్తుంది. ఒంటికి అంటుకుని ఉన్ని బనీనుగానీ సింథటిక్ బనీనుగానీ, దాని మీద వెచ్చటి స్వెట్టరు, ఆపైన గాలినీ తడినీ ఆపే కోటు వేసుకోవాలి. ఇలా పొరలు పొరలుగా ఉంటే ఎక్కేటప్పుడు ఒకటి విప్పొచ్చు, ఆగినప్పుడు మళ్లీ తొడుక్కోవచ్చు. బూట్లు చీలమండ దాకా ఉండాలి, అడుగు గట్టిగా ఉండాలి. ప్రయాణం ముందురోజు కొన్న బూట్లతో బయల్దేరితే దారిలోనే మడమలు బొబ్బలెక్కుతాయి. కొన్ని వారాల ముందే కొని తొడిగి తిరగాలి. చేతి తొడుగులు చలి ఒక్కదానికే అనుకోవద్దు. ఐసు మీద పడితే అరచేతులు గీరుకుపోతాయి. మంచు మీద పడ్డ ఎండ తిరిగి మొహానికే కొడుతుంది కాబట్టి నల్ల కళ్లద్దాలు మరవకూడదు.

బూట్ల కింద ఇనుప ముళ్ల చట్రం కట్టిస్తారు. వాటిని క్రాంపన్లంటారు. వాటితో నడవడం పెద్దవాళ్లు కూడా కొత్తగా నేర్చుకోవలసిన విద్య. పాదం ఈడ్చకూడదు. ఎత్తి, ముళ్లన్నీ ఒకేసారి ఐసులో దిగేలా అణచి వేయాలి. రెండు పాదాల మధ్య కాస్త ఎడం ఉంచాలి. లేకపోతే ఒక కాలి ముల్లు రెండో కాలి ప్యాంటుకు తగులుకుని బోర్లా పడతాం. మంచి గైడ్ బయల్దేరే ముందు చదునైన చోట అందరితో అటూ ఇటూ నడిపించి చూస్తాడు. ఆ కాసేపు ఫోన్ జేబులో పెట్టి ఆయన కాళ్ల వంక చూస్తే, ఆ తర్వాతి గంటలు హాయిగా గడుస్తాయి.

ఎత్తు సంగతి వేరు. మన తూర్పు కనుమల్లో అతి ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్లు దాటవు. సుమారు 2,500 మీటర్లు దాటాక పలచని గాలికి తలనొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం మొదలుకావచ్చు. వయసులో ఉన్నామనో, కండబలం ఉందనో ఆ జబ్బు వదిలిపెట్టదు. తెలుగువారు ఏటా వెళ్లే అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్ల ఎత్తున ఉంది. మంచు లింగం వెలిసే గుహ అది. ఆ యాత్రకు అధీకృత డాక్టరు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. నెల ముందునుంచే రోజూ నాలుగైదు కిలోమీటర్లు నడవమని దేవస్థానం బోర్డు చెబుతుంది. చాదర్‌కు వెళ్లేవారిని లేహ్‌లో కొన్ని రోజులు ఆపి, వైద్య పరీక్ష చేశాకే పంపుతారు. ఇవన్నీ మనల్ని ఆపడానికి పెట్టిన అడ్డంకులని విసుక్కోకూడదు. తలనొప్పి మొదలైతే దాచుకోకుండా చెప్పాలి. ముదిరితే కిందికి దిగడమే మందు.

ఎత్తుకు అలవాటుపడే వీలు మన కొండల్లో లేకపోయినా కాళ్లకూ ఊపిరికీ అలవాటు చేసుకునే వీలు బోలెడంత ఉంది. తెలుగునాట అందుకు పెద్ద ఉదాహరణ ఉండనే ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన లంబాడా బాలిక మలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లా చర్ల మండలం నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. ఆ సంస్థ అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనుకున్నారు. 2007లో ఎవరెస్ట్ ఎక్కి వచ్చిన శేఖర్ బాబు శిక్షణ ఇచ్చారు. వాళ్ల సాధన మంచులో మొదలవలేదు. కోట నిలిచిన భువనగిరి బండ మీద మొదలైంది. అక్కడ తాడు పట్టడం, అడుగు ఆనించడం నేర్చారు. ఆ తర్వాత డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు వెళ్లారు. ఆపైన లద్దాఖ్ చలిలో సాధన చేశారు. ఇలా మెట్టు మీద మెట్టుగా సిద్ధపడ్డాకే టిబెట్ వైపునుంచి రోంగ్‌బుక్ హిమానీనదం మీద అడుగు పెట్టారు. మనం చేసేది ఒక్క పూట నడకే అయినా ఆ వరస మనకూ వర్తిస్తుంది. డొంకరాయి ఘాట్ రోడ్డు మీద పొద్దున్నే వీపున సంచి వేసుకుని ఎక్కి దిగేవారికి హిమాలయాల్లో తొలిరోజు అంత కష్టంగా ఉండదు.

ఇక అన్నిటికన్నా కష్టమైన తయారీ ఒకటుంది. అంతదూరం వెళ్లాక గైడ్ ఆకాశం చూసి, గాలి చూసి, ‘ఇవాళ వద్దు’ అంటే సరేననడం. నెలల తరబడి దాచిన డబ్బు, అతికష్టం మీద దొరికిన సెలవు, ముందే కొన్న టికెట్లు అన్నీ ఒక్కసారి గుర్తొస్తాయి. ‘ఇంతదూరం వచ్చాం కదా, ఒక్క పది నిమిషాలు’ అని అడగాలనిపిస్తుంది. పది మందీ అలా అడిగితే గైడ్ మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆయనకూ ఇల్లుంది, ఆ రోజు కూలి కావాలి. కాదనలేక ముందుకు నడిపిస్తే ప్రమాదంలో పడేది అందరమూ. 2024 ఆగస్టు 25న ఐస్‌లాండ్‌లోని బ్రెయిదామెర్కుర్ హిమానీనదం మీద ఐసు విరిగిపడి ఒక పర్యాటకుడు చనిపోయాడు. ఆ బృందం వెంట గైడ్లున్నారు. కానీ అది వేసవి. కరుగుతున్న ఐసు ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ ప్రమాదం తర్వాత అక్కడ వేసవిలో మంచు గుహ యాత్రలు ఆపేశారు. కాబట్టి గైడ్ ఉన్నాడా అని అడిగితే సరిపోదు. ఇది అందుకు తగిన కాలమేనా, వాతావరణం బాగోకపోతే డబ్బు వెనక్కిస్తారా, వద్దనే అధికారం గైడ్‌కు ఉందా అని కూడా అడిగి తెలుసుకోవాలి.

కొండ ఎంతటి నేర్పరినీ మినహాయించదు. నెల్లూరు జిల్లాలో పుట్టి, విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మనిషి. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఆయన ప్రాణాలు కోల్పోయారు. ఆయన ధైర్యానికి చేతులెత్తి నమస్కరించాలి. అంతటి అనుభవం లేని మనం ఇంకెంత ఒదిగి నడవాలో కూడా తెలుసుకోవాలి.

ఈ పాఠం నేర్చుకోవడానికి మంచు దాకా వెళ్లక్కర్లేదు. డొంకరాయి చాలు. సీలేరు నది మీది ఈ జలాశయం పూర్తి నీటిమట్టం 1,037 అడుగులు. ఇక్కడి నీరు కాలువ గుండా వెళ్లి మోతుగూడెం దగ్గర పొల్లూరు కేంద్రంలో కరెంటు పుట్టిస్తుంది. వానాకాలంలో ఎగువనుంచి వరద వస్తే గేట్లు ఎత్తుతారు. అప్పటిదాకా ఎండి తెల్లగా కనిపించిన బండలు చూస్తుండగానే మునిగిపోతాయి. డ్యాం ఊళ్లలో పెరిగినవారికి సైరన్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు, వినగానే గట్టెక్కుతారు. కొత్తగా వచ్చినవారికి అది తెలియదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో జరిగింది ఇదే. విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు బండల మీద ఫొటోలు దిగుతుండగా ఎగువ లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు, యాత్ర వెంట వచ్చిన మరొకరు కొట్టుకుపోయారు. అక్కడ ఆ పిల్లల తప్పేమీ లేదు. ‘ఈ బండల మీద నిలబడకండి బాబూ’ అని చెప్పే స్థానికుడు ఒక్కరు వాళ్ల పక్కన ఉండి ఉంటే ఎంత బాగుండేది! 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి వాగు ఉన్నట్టుండి పొంగి ముగ్గురు వైద్య విద్యార్థులను పొట్టన పెట్టుకుంది. రెండుచోట్లా నీళ్లు పైనుంచి వచ్చాయి, కిందనున్నవారికి తెలియలేదు.

వాగు దాటే ముందు ఈ కొండల్లోని గిరిజన రైతు నీటి రంగు చూస్తాడు. తేటగా పారే నీరు ఎర్రబడితే పైన ఎక్కడో వాన దంచుతోందని అర్థం. అప్పుడు ఆగిపోతాడు, ఎంత పనున్నా సరే. ఒత్తుగా పెరిగిన గడ్డిలో కర్రతో తట్టుకుంటూ నడుస్తాడు. హిమానీనదం మీద గైడ్ కూడా చేతికర్రతో ముందు మంచును పొడిచి చూసి, ఆ తర్వాతే పాదం మోపుతాడు. నేల వేరు, జాగ్రత్త ఒక్కటే.

అలాంటి జ్ఞానానికి మనం ఇచ్చే విలువ చాలదు. పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కిన ఏడాదే ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు హిమానీనదం మీద హిమం విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. వారిలో ఎక్కువమంది షెర్పాలు. యాత్రికుల కోసం సామాన్లు మోస్తూ, దారి సిద్ధం చేస్తూ పోయినవారు. ముందు నడిచేవారికే ముందు ముప్పు. ఆ మాట గుర్తుంటే గైడ్ కూలి దగ్గర గీచి గీచి బేరమాడటానికి మనసొప్పదు. ఆయనకు బీమా ఉందా, హెల్మెట్ ఉందా అని అడగడం మన బాధ్యతే అవుతుంది.

మన కొండల్లోనూ దారి చూపేవారికి ఆ విలువ దక్కాలి. మారేడుమిల్లి వైపు అటవీశాఖ తోడ్పాటుతో వన సంరక్షణ సమితులు పర్యాటక విడిదులు నడుపుతున్నాయి. అది మంచి దారి. దాన్ని డొంకరాయి, సీలేరు దాకా తేవాలి. వాగులు, జలపాతాలు, జలాశయం గట్లు బాగా తెలిసిన గిరిజన యువతకు రంపచోడవరం, పాడేరు ఐటీడీఏలు ప్రథమ చికిత్సలోనూ తాడు పనిలోనూ శిక్షణ ఇప్పించాలి. గుర్తింపు కార్డు, స్థిరమైన కూలి, బీమా ఉండాలి. వాగు ఎర్రబడిన రోజున ఎంత పెద్ద కారులో వచ్చినవారినైనా ఆపే అధికారం వాళ్లకు ఉండాలి. ఆ రోజు పోయే కూలిని ప్రభుత్వం భరించాలి. అప్పుడే వాళ్లు నిర్భయంగా వద్దనగలరు.

ప్రయాణాలు మానమని ఎవరూ అనరు. పిల్లలకు మంచు చూపించాలి. ఒత్తిడికి గాలి బుడగలు పోయి నీలంగా మెరిసే ఆ ఐసు లోపల నిలబడటం జీవితంలో మరచిపోలేని అనుభవం. ఖర్చుల లెక్క వేసుకునేటప్పుడు ఒక రోజు ఎక్కువగా చేర్చుకోండి, వాతావరణం కోసం ఆగాల్సి వస్తే తొందరపడక్కర్లేకుండా. బయల్దేరే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక మాట అనుకోండి. అక్కడిదాకా వెళ్లి గుహ చూడకుండానే తిరిగి రావలసి రావచ్చని పిల్లలకు ముందే చెప్పండి. అలా తిరిగొచ్చినవారిని బంధువులు, స్నేహితులు ‘అయ్యో, డబ్బు దండగ’ అని ఎగతాళి చేయకుండా, మంచి పని చేశారని మెచ్చుకోవాలి. వెనక్కి తిరగడం సిగ్గుపడాల్సిన పని కాదని మన సమాజం ఒప్పుకున్ననాడు, అక్కడి గైడ్ అయినా ఇక్కడి గిరిజన కుర్రాడైనా నిజం చెప్పడానికి వెనుకాడడు.